మీటరు చూపాక వచ్చే ధైర్యం

ఆత్మవిశ్వాసం ఎలా పెంచుకోవాలని అడిగేవాళ్లను అద్దం ముందు నిలబడి ‘నేను చేయగలను’ అని జపం చేయమని నేను చెప్పను. కారుందా అని అడుగుతాను. ఉంటే ఓ శనివారం ఖాళీ చేసుకుని, దానికి ఫాగ్ లైట్లు సొంతంగా బిగించుకోమంటాను. స్పోర్ట్స్ కారైతే మరీ మంచిది. మోజు ఎక్కువున్న చోటే మనలోని తొందర బయటపడుతుంది.

సైయన్ ఎఫ్‌ఆర్-ఎస్ సంగతే తీసుకోండి. టయోటా వాళ్లు 2013 నుంచి 2016 మోడళ్ల వరకు అమెరికాలో ఆ పేరుతో అమ్మిన చిన్న స్పోర్ట్స్ కారు అది. 2017 మోడల్ నుంచి టయోటా 86గా పేరు మార్చుకుంది. రెండు లీటర్ల ఇంజిన్, 200 హార్స్‌పవర్. దాని కవల సుబారు బీఆర్‌జెడ్‌కు లిమిటెడ్ రకంలో ఫాగ్ లైట్లు కంపెనీయే ఇచ్చింది. ఎఫ్‌ఆర్-ఎస్‌కు మాత్రం ఆ చోట ఓ నల్ల ప్లాస్టిక్ మూత పెట్టి వదిలేసింది. కాలిఫోర్నియాలో కొత్తగా ఉద్యోగంలో చేరి, సెకండ్ హ్యాండ్‌లో ఈ కారు కొనుక్కున్న మన కుర్రాడికి రోజూ కంట్లో నలుసులా కనిపించేది ఆ మూతే.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఓ ప్రశ్న వేసుకోండి. ఈ లైట్లు అవసరానికా, అందానికా? అందానికే అయినా తప్పేం లేదు. కానీ అందం కోసం కొంటూ ‘భద్రత కోసం’ అని మనకు మనమే చెప్పుకుంటే బేరం మొదట్లోనే చెడుతుంది. పెట్టె మీద రాసిన లూమెన్ల అంకె చూసి, కళ్లు జిగేల్మనిపించేదేదో తెచ్చుకుంటాం.

అవసరం మాత్రం నిజంగానే ఉంది. చలికాలం తెల్లవారుజామున హైవే 99 మీద ఫ్రెస్నో వైపు వెళ్లిన వాళ్లను అడగండి. వానకు తడిసిన నేల రాత్రి చల్లబడి, గాలి కదలక, సెంట్రల్ వ్యాలీ అంతా టూలీ ఫాగ్ అనే దట్టమైన పొగమంచు కమ్ముతుంది. 2007 నవంబరులో ఫ్రెస్నో దగ్గర ఆ మంచులోనే వందకు పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.

పొగమంచులో హై బీమ్ వేస్తే ముందు తెల్లగోడ కట్టినట్టవుతుంది. గాలిలోని నీటి తుంపరలు వెలుతురును తిరిగి మన కళ్లలోకే విసురుతాయి. అందుకే ఫాగ్ లైటును బంపర్‌లో కిందగా పెడతారు. దాని వెలుగు వెడల్పుగా, దగ్గరగా పరుచుకుంటుంది. పై అంచు కత్తితో కోసినట్టు తెగిపోయి, కంటి ఎత్తుకు వెలుతురు పోకుండా ఆగుతుంది. దూరం చూపించడం దాని పని కాదు. రోడ్డు అంచు, పక్క గీత కనిపిస్తే చాలు. పసుపు రంగు మంచును చీల్చుకుపోతుందనే మాట కూడా నమ్మకండి. ఫ్రాన్స్‌లో 1930ల చివరి నుంచి 1993 దాకా కార్ల హెడ్‌లైట్లన్నీ పసుపే. కానీ పొగమంచు తుంపరలు కాంతి తరంగాల కంటే చాలా పెద్దవి. వాటికి తెలుపైనా పసుపైనా ఒకటే. కంటికి హాయిగా ఉందనిపిస్తే పసుపు పెట్టుకోండి, అంతే.

కొనేటప్పుడు అద్దం మీద అచ్చు చూడండి. అమెరికన్ ప్రమాణమైతే ఎస్‌ఏఈ పక్కన ‘ఎఫ్’ ఉంటుంది. అది లేని లైటు ఎంత అందంగా ఉన్నా అలంకారమే. హాలోజెన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో ఎల్‌ఈడీ బల్బు దూర్చడం కూడా అలాంటిదే. ఫిలమెంట్ ఎక్కడుంటుందో లెక్కగట్టి ఆ వంపు చేశారు. వెలుగు పుట్టే చోటు మారితే ఆ లెక్కంతా చెదిరిపోతుంది.

ఇక వైరింగ్. చాలామంది ‘ఏముంది, రెండు వైర్లే కదా’ అనేది ఇక్కడే.

ముందుగా బ్యాటరీ నెగటివ్ తీసేయండి. పాజిటివ్‌తో మొదలుపెట్టకూడదు. కారు బాడీ అంతా నెగటివే కాబట్టి, పాజిటివ్ నట్టు విప్పుతుండగా స్పానర్ రేకుకు తగిలితే నిప్పులు రాలతాయి. తర్వాత లెక్క. ఒక్కో హాలోజెన్ బల్బు 55 వాట్లనుకుంటే, 12 వోల్టుల మీద దాదాపు 4.6 ఆంపియర్లు లాగుతుంది. రెండింటికీ తొమ్మిది దాటుతుంది. ఆ కరెంటంతా డాష్‌బోర్డు మీది చిన్న స్విచ్ గుండా పంపితే అది వేడెక్కి కరుగుతుంది. అందుకే మధ్యలో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్ పెట్టాలి. స్విచ్ మోసేది రిలే కాయిల్‌కు సరిపడే కాస్త కరెంటే, ఆంపియర్‌లో ఐదో వంతు లోపు. రిలే అడుగున అంకెలు ఉంటాయి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా వచ్చే వైరు, 87 నుంచి లైట్లకు, 86కు స్విచ్, 85కు బాడీ ఎర్త్.

ఫ్యూజ్ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. 15 ఆంపియర్లది చాలు. దాన్ని బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టండి. ఫ్యూజ్ కాపాడేది బల్బును కాదు, వైరును. ఏడాది తర్వాత ఎక్కడో రేకు అంచుకు రాసుకుని తొడుగు చిరిగితే, ఫ్యూజ్‌కు ముందున్న వైరంతా దిక్కులేనిదే. లైట్ల దగ్గర ఫ్యూజ్ పెట్టి ‘పెట్టాను కదా’ అనుకునేవాడికి, మధ్యలో ఉన్న వైరు పొడవునా రక్షణ లేదు. ఉద్యోగాల్లోనూ ఇలాంటివాళ్లను చూస్తుంటాం. జాగ్రత్త తీసుకున్నామన్న తృప్తి ఉంటుంది, తీసుకున్న చోటు తప్పు.

ప్రతి అతుకూ వేశాక మల్టీమీటర్ పెట్టండి. ఎర్త్ బోల్టు కింద పెయింట్ గీకారా? గీకామనుకోవడం వేరు, మీటరు సున్నాకు దగ్గరగా చూపడం వేరు. బ్యాటరీ మళ్లీ కలిపాక రిలే టక్‌మంటుందా? 87 దగ్గర బ్యాటరీ వోల్టేజీ వస్తోందా? బల్బు దగ్గర అందులో ఎంత మిగిలింది? ఒక వోల్టు కంటే ఎక్కువ పోయిందంటే ఎక్కడో అతుకు వదులుగా ఉంది. ఇలా నాలుగైదు చోట్ల కొలిచాక మీలో ఓ నిబ్బరం వస్తుంది. వ్యక్తిత్వ వికాసం తరగతుల్లో ముందు ధైర్యం తెచ్చుకుని తర్వాత పని మొదలుపెట్టమంటారు. నాకు అది తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది. కొలిచి చూసుకున్నవాడికి ధైర్యం అడక్కుండానే వస్తుంది, ఎవరైనా ప్రశ్నిస్తే గొంతు పెంచాల్సిన అవసరమూ రాదు.

మీటరు కూడా చెప్పలేనిది ఒకటుంది. అది ఎదుటివాడి కన్ను. లైట్లు వెలిగాయి, ఫొటో తీశారు, మిత్రులకు పంపారు. చాలామందికి పని అక్కడితో అయిపోతుంది. నిజానికి అప్పటికి అయింది సగమే. కాలిఫోర్నియా వాహన చట్టం 24403వ సెక్షన్ ప్రకారం ఫాగ్ లైట్లు రెండుకు మించకూడదు, నేల నుంచి 12 అంగుళాలకు తగ్గకుండా, 30 దాటకుండా ఉండాలి. షోకు కోసం స్ప్రింగులు మార్చి కారును కిందకు దింపినవాళ్లు టేపు పెట్టి కొలవాల్సిందే. చదునైన చోట గోడకు 25 అడుగుల దూరంలో కారు నిలపండి. లైటు మధ్య భాగం ఎత్తును గోడ మీద టేపుతో గుర్తుపెట్టి, దానికి 4 అంగుళాల కింద మరో గీత అంటించండి. వెలుగు పై అంచు ఆ కింది గీత దాటకుండా స్క్రూ తిప్పండి. ట్యాంకులో పెట్రోలు, సీట్లో మనిషి ఉన్నప్పుడే సరిచేయండి. ఖాళీ కారు ముక్కు ఒకలా ఉంటుంది, మనిషి ఎక్కాక ఇంకోలా.

ఈ సర్దుబాటుతో ఇంకో లెక్క తేలుతుంది. లైటు 15 అంగుళాల ఎత్తులో ఉంటే దాని పై అంచు సుమారు 94 అడుగుల దూరంలో నేలను తాకుతుంది. గంటకు 60 మైళ్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో 88 అడుగులు దాటేస్తుంది. అంటే ఫాగ్ లైట్లు ఉన్నాయన్న ధీమాతో అదే వేగంతో పోతే, మీ ముందున్న వెలుతురు సెకనుకు కాస్త ఎక్కువ, అంతే. బ్రేకు మీదకు కాలు వెళ్లడానికే అంత సమయం పడుతుంది.

మంచు లేని రాత్రి వాటిని ఆర్పేయండి. కారు ముందు నేల మరీ మెరిస్తే కనుపాప ముడుచుకుని దూరం చూపు తగ్గుతుంది. చట్టం ప్రకారం హెడ్‌లైట్లకు తోడుగానే వాడాలి, వాటికి బదులుగా కాదు. అందుకే స్విచ్‌కు కరెంటు లో బీమ్ వైరు నుంచి తీసుకోండి, హెడ్‌లైట్లు ఆపితే ఇవీ ఆరిపోతాయి.

వారం తిరిగాక మళ్లీ ఆ గోడ ముందు కారు పెట్టి చూడండి. గతుకులకు బోల్టు వదులైతే వెలుగు అంచు గీత దాటి పైకెక్కి ఉంటుంది. స్పానర్ డిక్కీలోనే ఉంచుకోండి.