రెండు దారుల సైకిలు

కూచిపూడి పేరు వినగానే ఎవరికైనా నాట్యమే స్ఫురిస్తుంది. ఇత్తడి పళ్ళెం అంచులపై పాదాలుంచి తాళం తప్పక సాగే తరంగం కన్నుల ముందు మెదలుతుంది. కృష్ణాజిల్లా మొవ్వ మండలంలోని ఆ ప్రాంతపు విద్యార్థులకు నిత్యం అవసరమయ్యే నిలకడ మరొకటి ఉంది. అది సైకిలు మీది నిలకడ.

పామర్రు నుండి చల్లపల్లికి పోయే మార్గం తారురోడ్డు. దానిని విడిచి పొలాల వైపు మళ్ళితే కాలువగట్లే దారులు. విజయవాడ వద్ద 1855లో ఆనకట్ట పూర్తయిన తరువాత డెల్టా అంతటా కాలువలు విస్తరించాయి. వాటి గట్లు జనానికి బాటలయ్యాయి. వేసవిలో ఆ మట్టి రాయివలె గట్టిపడి, ట్రాక్టరు చక్రాల జాడలు గోతులై నిలుస్తాయి. తొలకరి పడిందా, నల్లరేగడి జిగురై చక్రానికీ మడ్‌గార్డుకూ నడుమ పేరుకొని సైకిలును అడుగు కదలనీయదు. సార్వా పంట అమ్మిన సొమ్ముతో ఇంటివారు కొనిచ్చే తొలి సైకిలు ఈ రెండు దారులకూ తగినదై ఉండాలి. పొరపాటు జరిగితే మరొకటి కొనడానికి మళ్ళీ పంట చేతికి రావాలి.

పూర్వపు నల్ల సైకిలును తేలికగా తీసిపారవేయరాదు. 28 అంగుళాల చక్రాలు, ఉక్కు ఫ్రేము, బలమైన క్యారియరు గల ఆ వాహనం ధాన్యపు బస్తాను సైతం మోసింది. దాని లోపం బరువు. అంతకు మించినది బ్రేకు. ఉక్కు రిమ్ము తడిస్తే బ్రేకు సరిగా పట్టదు. ఒక ప్రక్క కాలువ ఉన్న గట్టుపై ఇది చిన్న విషయం కాదు. పందెపు సైకిలు టైరు 25 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. తారుపై దూసుకుపోతుంది, గోతిలో పడితే ట్యూబు నలిగి పంక్చరవుతుంది. 1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియా కొండదారులపై రూపుదిద్దుకొన్న కొండసైకిలుకు సుమారు 50 మిల్లీమీటర్ల మొరటు టైర్లుంటాయి. అవి మట్టిని పట్టుకొంటాయి గాని, తారురోడ్డుపై ప్రయాణికుని శ్రమను వృథా చేస్తాయి.

కనుక తొలిసారి కొనేవారికి ఈ రెంటికీ నడిమిదైన హైబ్రిడ్ సైకిలు మేలు. 38 నుండి 42 మిల్లీమీటర్ల టైరు, అల్యూమినియం రిమ్ములు, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వ్రేలు దూరేటంత సందు ఉంటే చాలు. టైరు ప్రక్కన అచ్చువేసిన హద్దులకు లోబడి గట్టుదారికి గాలి కొంత తగ్గించి, రోడ్డుకు నిండుగా కొట్టించుకోవచ్చు. గేర్లు కొన్ని ఉంటే ఎదురుగాలి వేళ ఉపకరిస్తాయి. కొండలు లేని డెల్టాలో ఇరవైయొక్క గేర్లతో పని లేదు.

యువకుల చూపును మొదట ఆకర్షించేది స్ప్రింగుల ముందు ఫోర్కు. మోటారుసైకిలును పోలిన ఆ సొగసుకు మూల్యం ఉంది. చవక సైకిళ్ళలో అది బరువును పెంచుతుంది, త్రొక్కిన బలంలో కొంత తాను మ్రింగుతుంది, బురద చేరితే బిగుసుకుపోతుంది. అదే సొమ్ము మంచి బ్రేకులపై వెచ్చించడం వివేకం.

కొలత చూడకుండా కొనరాదు. ఫ్రేముపై కాళ్ళు రెండువైపులా వేసి నిలిచినపుడు పైకడ్డీకి కనీసం రెండంగుళాల ఎడముండాలి. సీటుపై కూర్చొని పెడలును అడుగుకు త్రొక్కినపుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. చున్నీ ధరించే విద్యార్థినులకు పైకడ్డీ లేని ఫ్రేము, పూర్తిగా మూసిన చైనుకవరు అవసరం.

చివరగా ఊరి మెకానిక్కును అడగవలసిన ప్రశ్న ఒకటుంది. 26 అంగుళాలని వ్రాసినంత మాత్రాన అన్ని టైర్లూ ఒకటి కావు. టైరు ప్రక్కన చిన్న అక్షరాలలో 559 అని ఉన్నది కొండసైకిలుది, 590 అని ఉన్నది సాధారణ సైకిలుది. ఒకదాని రిమ్ముకు మరొకటి ఎక్కదు. హైబ్రిడ్ సైకిళ్ళకు ఎక్కువగా ఉండేది 622. పట్నంలో సైకిలుకు డబ్బు చెల్లించడానికి ముందే ఆ అంకెను ఒక కాగితంపై వ్రాసుకొని, ఆ టైరు, ట్యూబు తన వద్ద దొరుకుతాయో లేదో ఆ మెకానిక్కునే అడిగి తెలుసుకోవాలి.