పొట్టు పొయ్యి నుంచి పెల్లెట్ పొయ్యి దాకా

రంపపు పొట్టు పొయ్యి మీలో ఎంతమందికి గుర్తుంది? రేకు డబ్బా మధ్యలో ఒక సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు పోసి గట్టిగా దట్టించి, సీసాను మెల్లగా పైకి లాగేసేవారు. అడుగున ఉన్న కన్నంలోంచి నిప్పు పెడితే గంటల తరబడి మండేది. కోత మిల్లులో పారేసే పొట్టుతో ఇంటిల్లిపాదికీ వంట అయిపోయేది.

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఉన్నవారు చలికాలం వస్తుందనగా దుకాణాల బయట పేర్చే 40 పౌన్ల పెల్లెట్ సంచులు చూసే ఉంటారు. అందులో ఉన్నదీ ఆ పొట్టే, కాకపోతే గుళికల రూపంలో ఉంటుంది. చెట్టు పెరిగేటప్పుడు గాలిలోంచి తీసుకున్న బొగ్గుపులుసు వాయువే, దాన్ని కాల్చినప్పుడు మళ్ళీ గాలిలో కలుస్తుంది. మరో మొక్క పెరిగితే అది తిరిగి చెట్టులోకి చేరుతుంది. అందుకే దీన్ని పునరుత్పాదక ఇంధనం అంటున్నారు. అయితే ఈ జమాఖర్చు అన్ని చోట్లా సరిపోతుందా? చూద్దాం.

తేమ

అప్పుడే కొట్టిన చెట్టు బరువులో దాదాపు సగం నీరే. పూర్తిగా ఎండిన కట్టె కిలోకి సుమారు 4,400 కిలోకేలరీల వేడినిస్తుంది. కిలో పచ్చి కట్టెలో అసలు కట్టె అరకిలోయే కనుక వచ్చేది 2,200. మిగతా అరకిలో నీటిని ఆవిరి చెయ్యడానికి అందులోంచి 300 ఖర్చయిపోతాయి. మనకు దక్కేది 1,900. పైగా కళ్ళు మండే పొగ! వానలు పడకముందే కట్టెలూ పిడకలూ లోపల పెట్టుకోవడంలో మన పెద్దవాళ్ళు చూసిన లాభం ఇదే.

గుళిక ఎలా తయారవుతుంది?

పొట్టును పది శాతం తేమ మిగిలేదాకా ఆరబెట్టి, మెత్తగా నలగ్గొట్టి, చిల్లులున్న ఉక్కు అచ్చులోంచి గట్టిగా నొక్కుతారు. అచ్చం జంతికల గొట్టం లాంటిదే అనుకోండి. ఆ ఒత్తిడికి పుట్టే వేడిలో కట్టెలో సహజంగా ఉండే లిగ్నిన్ మెత్తబడి, చల్లారాక జిగురులా పట్టేస్తుంది. వేరే జిగురు అక్కర్లేదు. తడి తగిలితే మాత్రం గుళిక మళ్ళీ పొట్టయిపోతుంది. సంచులను నేల మీద పెట్టకండి. పెల్లెట్ స్టవ్‌లో గుళికలను లోపలికి నెట్టే మరకూ, ఫ్యానుకూ కరెంటు కావాలి. మంచు తుఫానులో కరెంటు పోతే ఆ పొయ్యీ ఆగిపోతుందని మరువకండి.

ఊక, గడ్డి

వంద కిలోల ధాన్యం ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. అది పొడిగానే ఉంటుంది, మిల్లులోనే ఉంటుంది. ఉప్పుడు బియ్యానికి కావలసిన ఆవిరికి అక్కడే వాడేసుకోవచ్చు. అదే ఊకను లారీకెత్తితే మోసేది చాలావరకు గాలినే. ఘనమీటరు ఊక వంద కిలోలు తూగితే, పెల్లెట్లు 600 కిలోలకు పైగా తూగుతాయి. అయితే కట్టె పెల్లెట్లలో బూడిద ఒక శాతం లోపే, ఊకలో 20 శాతం దాకా ఉంటుంది. వరిగడ్డిలో పొటాషియం, క్లోరిన్ ఎక్కువ. దాని బూడిద కరిగి బాయిలర్ గొట్టాలకు అంటుకుంటుంది. ఇంట్లో వాడే పొయ్యికి గడ్డి పెల్లెట్లు అంతగా పనికిరానిది అందుకే.

కాలం

పొలంలో మిగిలిన గడ్డి ఎలాగూ కుళ్ళిపోతుంది, లేదా పంజాబ్‌లో లాగా తగలబెడతారు. దాన్ని బొగ్గుకు బదులు వాడితే లాభమే. వచ్చే పంటతో లెక్క సరిపోతుంది. పెద్ద చెట్టును కొట్టి కాలిస్తే ఆ బాకీ తీరడానికి దశాబ్దాలు పడుతుంది. ఇంగ్లండ్‌లోని డ్రాక్స్ విద్యుత్ కేంద్రంలో 2013 నుంచి ఒక్కొక్క యూనిట్‌నూ కట్టె పెల్లెట్లకు మార్చారు. వాటిలో ఎక్కువ భాగం అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి ఓడల్లో వెళుతుంది. దీన్ని పునరుత్పాదకం అనవచ్చా అన్న వాదన అందుకే తెగడం లేదు.

బొగ్గు విద్యుత్ కేంద్రాలు బొగ్గుతోబాటు 5 శాతం పెల్లెట్లు కాల్చాలని భారత విద్యుత్ శాఖ 2021లో విధానం ప్రకటించింది. ఊళ్ళో పెల్లెట్ యూనిట్ పెడదామనుకునే ప్రవాసులు ముందుగా ఒక్క విషయం విచారించండి. ఊకను ఇటుక బట్టీలు కొంటున్నాయి, గడ్డి పశువులు తింటున్నాయి. మనం వ్యర్థం అనుకున్నది ఆ ఊళ్ళో నిజంగా వ్యర్థమేనా?