డిజిటల్ అక్షరాస్యత – మన ఇళ్లలో దాని అవసరం

జనాభా లెక్కల్లో అక్షరాస్యతకు ఒక నిర్వచనం ఉంది. ఏడేళ్లు, ఆపై వయసున్న మనిషి ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితే అక్షరాస్యుడు. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అలాంటివారు నూటికి 67 మంది. మిగిలిన 33 మందిలో మన తాతయ్యలు, అమ్మమ్మలు, మనలో కొందరి తల్లిదండ్రులు ఉన్నారు. ఆ నిర్వచనంలో ‘అర్థం చేసుకుంటూ’ అన్న మాటను మిత్రులు గమనించాలి. సంతకం గీయడం వస్తే చాలదన్నమాట. డిజిటల్ అక్షరాస్యతకు కూడా ఇదే కొలత పెట్టాలని మేము అనుకుంటున్నాము. చేతిలో ఫోను ఉండటం, వీడియోలు చూడటం, రీల్సు పంపడం అక్షరాస్యత కాదు. తెర మీద ఏం రాసి ఉందో, మనం దేనికి ఒప్పుకుంటున్నామో తెలిసి నొక్కగలగడమే అక్షరాస్యత.

పూర్వం చదువు రానివారే వేలిముద్ర వేసేవారు. అందుకే మన పెద్దలు పిల్లల్ని బడికి పంపేటప్పుడు ‘మాలాగా నిశానీ బతుకు కాకూడదు’ అనేవారు. ఇప్పుడు చదివినవారు, చదవనివారు అందరూ వేలు పెట్టాల్సిందే. రేషను దుకాణంలో, బ్యాంకు మిత్ర దగ్గర, రిజిస్ట్రార్ ఆఫీసులో యంత్రం మీద వేలు పెడితేనే పని జరుగుతుంది. తేడా ఏమిటంటే, ఆ రోజుల్లో కాగితం మన ఎదుట ఉండేది, పక్కన ఎవరైనా చదివి చెప్పేవారు. ఇప్పుడు తెర చాలాసార్లు అవతలి మనిషి వైపు తిరిగి ఉంటుంది. మనం వేలు మాత్రం పెడతాము.

దీనివల్ల ఏం జరుగుతుందో చెప్పడానికి 2017లో దేశమంతా తెలిసిన సంగతి ఒకటి ఉంది. ఆ సంవత్సరం సిమ్ కార్డుకు ఆధార్ జతచేయాలని ఫోను దుకాణాలకు జనం వెళ్లారు. సిమ్ కోసమే అనుకుని వేలు పెట్టినవారిలో చాలామందికి తెలియకుండానే ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతాలు తెరుచుకున్నాయి. గ్యాస్ సబ్సిడీ పాత బ్యాంకుకు కాక ఆ కొత్త ఖాతాలకు వెళ్లింది. 23 లక్షల మందికి పైగా వినియోగదారుల సబ్సిడీ, సుమారు 47 కోట్ల రూపాయలు అలా వెళ్లినట్టు అప్పట్లో బయటపడింది. ఆధార్ సంస్థ 2017 డిసెంబరులో ఆ కంపెనీ ఈ-కేవైసీ అనుమతిని నిలిపివేసింది. రిజర్వు బ్యాంకు 2018 మార్చిలో ఆ బ్యాంకుకు 5 కోట్ల జరిమానా వేసింది.

ఇది ఎలా సాధ్యమైందో తెలుసుకోవడం మనకు చాలా అవసరం, ఎందుకంటే మన స్కాలర్‌షిప్పు కూడా అదే దారిలో వస్తుంది. ప్రభుత్వం డబ్బు వేసేటప్పుడు ఖాతా నంబరు చూడదు, ఆధార్ నంబరు చూస్తుంది. ఒక మనిషికి నాలుగు ఖాతాలున్నా, ఆధార్ చివరిసారిగా ఏ బ్యాంకుకు అనుసంధానమైందో ఆ బ్యాంకుకే డబ్బు వెళుతుంది. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులో కేంద్రం వాటా 60 శాతం. 2021-22 నుంచి అది విద్యార్థి ఖాతాకే నేరుగా వస్తున్నది. ఎప్పుడో ఏదో యాప్‌లో సరదాగా ఖాతా తెరిచి మర్చిపోయిన విద్యార్థి ‘నాకు డబ్బు పడలేదు’ అని కాలేజీ చుట్టూ తిరుగుతాడు. డబ్బు పడే ఉంటుంది, అతను చూడని చోట!

ఇంకొక ఇబ్బంది పేర్లది. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు వస్తుంది. ఇంగ్లీషు దరఖాస్తులో దాన్ని చివర రాయమంటారు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, కుల ధ్రువీకరణ పత్రంలో మరోలా ఉంటుంది. మనిషికి ఈ మూడూ ఒకటేనని తెలుస్తుంది. కంప్యూటరుకు ఒక్క అక్షరం తేడా వచ్చినా వేరే మనిషే. లక్ష్మికి ఒకచోట ‘హెచ్’ ఉండి, ఇంకోచోట లేకపోతే దరఖాస్తు ఆగిపోవచ్చు. కాబట్టి తొమ్మిదో తరగతి తమ్ముళ్లు, చెల్లెళ్లు పదో తరగతి నామినల్ రోల్స్ పంపకముందే తమ ఆధార్ కార్డు తీసి పక్కన పెట్టుకుని పోల్చి చూసుకోవాలి. మెమో అచ్చయ్యాక దిద్దించుకోవడం ఎంత కష్టమో సీనియర్లను అడిగితే చెబుతారు.

ఇక మన పల్నాడు సంగతి. మాచర్ల, గురజాల వైపు ఇళ్లలో పత్తి, మిరపే బతుకు. 2025-26 సీజన్‌లో భారత పత్తి సంస్థ, అంటే మనవాళ్లు సీసీఐ అని పిలిచేది, పత్తి అమ్ముకోవడానికి ‘కపాస్ కిసాన్’ అనే యాప్ తెచ్చింది. రైతు ఆధార్, భూమి వివరాలు, పత్తి వేసిన విస్తీర్ణం అందులో నమోదు కావాలి. తరువాత స్లాటు తీసుకుని, ఆ రోజు పత్తి తీసుకువెళ్లాలి. ఆ సీజన్‌లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం లోపు ఉంటే పూర్తి ధర, 12 శాతం వరకు కోత, అది దాటితే కొనరు. స్లాటు దొరక్క పత్తి ఇంట్లోనే ఉండిపోయి, ఈలోగా వాన పడితే తేమ ఎక్కుతుంది. అప్పుడు దిక్కు దళారే. అతను క్వింటాకు వెయ్యి తక్కువ ఇచ్చాడనుకుందాం. పది క్వింటాళ్లకు పదివేలు పోయినట్టే. పొలం దున్నడం, పురుగు మందు కొట్టడం, పత్తి తీయడం అన్నీ వచ్చిన రైతు ఒక ఓటీపీ దగ్గర ఓడిపోతున్నాడు. సొంత భూమి లేని కౌలు రైతు పరిస్థితి ఇంకా కష్టం. మన హాస్టలు పిల్లల ఇళ్లలో ఎక్కువ మంది కౌలుకో, కూలికో వెళ్లేవారే.

ప్రభుత్వ సేవలు కంప్యూటరులోకి మారడం ఈనాటిది కాదు. హైదరాబాదులో 2001లో ఈ-సేవ, 2011లో మీసేవ, 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో ప్రారంభించారు. 95523 00009 నంబరుకు సందేశం పంపితే సేవల జాబితా వస్తుంది. ఆ ఏడాది పదో తరగతి హాల్ టికెట్లు కూడా అందులో ఇచ్చారు. ఇది మంచి మార్పే. ఒకరోజు కూలి పోగొట్టుకుని మండలాఫీసుకు వెళ్లే పని తప్పుతుంది. కానీ చదవలేనివారికి కౌంటరు పోయి, ఆ స్థానంలో నెట్ సెంటరు మాత్రమే వచ్చింది.

మన జిల్లా వినుకొండలో పుట్టిన మహాకవి గుర్రం జాషువా 1941లో ‘గబ్బిలం’ రాశారు. గుడిలోకి తనను రానివ్వరు కాబట్టి, అందులో తిరగగలిగిన గబ్బిలంతో ఒక పేదవాడు శివునికి తన మొర చెప్పి పంపుతాడు. తన మాట తానే చెప్పుకోలేక మధ్యన ఒకరిని వెతుక్కోవలసి రావడం మన ఇళ్లకు ఎంత పాతదో ఆ కావ్యం పేరు తలచుకుంటేనే తెలుస్తుంది.

మోసాల గురించి అందరూ చెబుతూనే ఉన్నారు కనుక మేము క్లుప్తంగా చెబుతాము. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే కొడతాము. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ చేయనక్కర్లేదు. ఈ ఒక్క మాట ఇంట్లో పెద్దవాళ్లకు నేర్పితే సగం మోసాలు ఆగుతాయని మా నమ్మకం. వాట్సాప్‌లో పథకం పేరుతో ‘ఏపీకే’ ఫైలు వస్తే తెరవకూడదు. అది ఫోనులో చేరి, వచ్చే ఓటీపీలను దొంగకు చేరవేయగలదు. వీడియో కాల్‌లో ‘డిజిటల్ అరెస్టు’ చేశామంటే అది అబద్ధం, మన చట్టంలో అలాంటి అరెస్టు లేదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. దొంగ ఖాతాలో ఇంకా డబ్బు ఉండగా తెలిస్తేనే బ్యాంకు దాన్ని ఆపగలదు, అందుకే తొందర. వేలిముద్ర కూడా దొంగిలిస్తారు. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ దుకాణదారు భూమి దస్తావేజుల మీది వేలిముద్రలను ఇంటర్నెట్ నుంచి తీసి, నకిలీ ముద్రలు చేసి వేలాది సిమ్‌లు తెరిచిన కేసు బయటపడింది. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో మన వేలిముద్రకు తాళం వేసుకునే వీలు ఉచితంగా ఉంది.

కేంద్రం 2017లో ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ ప్రారంభించింది. ఇంటికొకరికి 20 గంటల శిక్షణ. 2024 మార్చి 31తో ఆ పథకం ముగిసింది. ఇంటికి ఒక్కరు అన్న ఆలోచన మాకు నచ్చింది. మన ఇళ్లలో ఆ ఒక్కరు ఎవరంటే హాస్టల్లో చదువుకుంటున్న మనమే.

అందుకని సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ముందు ఒక పని చేద్దాం. ఆధార్ వెబ్‌సైటులో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ అనే చోట అమ్మది, నాన్నది, మనది చూడాలి. ఆధార్‌కు ఇచ్చిన ఫోను నంబరుకు ఓటీపీ వస్తుంది కాబట్టి ఆ ఫోను దగ్గర ఉండాలి. అక్కడ కనిపించిన బ్యాంకు పేరు, ఇంట్లో ఉన్న పాసుపుస్తకం మీది పేరు ఒకటేనా అని చూసుకోవాలి. వేరైతే పాసుపుస్తకం, ఆధార్ జిరాక్సు తీసుకుని మనకు కావలసిన బ్యాంకుకు వెళ్లి ఆధార్ అనుసంధానం ఫారం రాసి ఇవ్వాలి. ఆ ఫారం మనం నింపుతూ, ఒక్కో గడిలో ఏం రాస్తున్నామో అమ్మకు చదివి వినిపించాలి.