హిజ్కియా సొరంగము

యెరూషలేమునకు పోవు యాత్రికులు సామాన్యముగా ప్రాకారములను, గుమ్మములను, ఆలయములను చూచి మరలుదురు. ఆ పట్టణపు పూర్వకథను చేతితో తడవి చూడగోరువారు దక్షిణపు గోడ వెలుపలనున్న సిల్వాను గ్రామమునకు దిగి, అక్కడి ఇండ్ల క్రింద చీకటిలో, మోకాలిలోతు నీటిలో నడువవలెను. పూర్వము దావీదు పురమనబడిన ఇఱుకైన గట్టు ఇదియే. దీనికి తూర్పున కెద్రోను లోయయు, ఆ లోయ యంచున గిహోను అను ఊటయు కలవు. ఈ ఊట ఎల్లప్పుడు ఒకే తీరున పాఱక ఉండియుండి పొంగెడిది. పేరునకు అర్థమును అదియే.

నీరు కొండ పాదముననుండుటయే చిక్కు. క్రీ. పూ. 701వ సంవత్సరమున అష్షూరు రాజైన సన్హెరీబు యూదా దేశముపై దండెత్తెను. లాకీషు మొదలగు కోటలు పడిపోయెను. యెరూషలేమునకు ముట్టడి తప్పదని హిజ్కియా రాజు ముందే గ్రహించెను. గోడ యెంత దృఢమైనదైనను, నీరులేక జనులెన్ని దినములు నిలువగలరు? ఊట శత్రువు చేజిక్కినచో వాని సేన త్రాగును, పట్టణము దప్పిచే చచ్చును. హిజ్కియా వెలుపలి ఊటలను మూయించి, గిహోను నీటిని పురమునకు పడమటి ప్రక్కకు మళ్ళించెనని రాజుల రెండవ గ్రంథపు 20వ అధ్యాయమువలనను, దినవృత్తాంతముల రెండవ గ్రంథపు 32వ అధ్యాయమువలనను తెలియుచున్నది.

ఆ నీరు పాఱిన దారియే ఈ సొరంగము. దీని పొడవు సుమారు 1,750 అడుగులు. రెండు కొనలకు నడుమ తిన్నగా కొలిచినచో 1,050 అడుగులకు మించదు. మిగిలినదంతయు వంకరలే. వెడల్పు ఒక మనుష్యుడు భుజములు రాచుకొనుచు పోవునంత. కొన్నిచోట్ల తలవంచి నడువవలెను. సిలోయము దిక్కున మాత్రము కప్పు చాల ఎత్తుగా నుండును. ఇంత పొడవునను నేల వాలినది ఒక అడుగు మాత్రమే! మన పాఠశాల ఆవరణలో కాలువ త్రవ్వి నీరు వెనుకకు పాఱకుండ చేయుట యెంత కష్టమో యోచించినవారికి ఈ పని విలువ తెలియగలదు.

ఇంతకంటె వింతయైనది వేఱొకటి కలదు. ఒక గుంపు ఊటనుండియు, ఇంకొక గుంపు కోనేటి దిక్కునుండియు బయలుదేరి రాతిని తొలుచుచు ఎదురుగా వచ్చిరి. దిక్సూచి లేదు, నూనె దీపములే వెలుగు. దారి తప్పి ఒకరి ప్రక్కనుండి ఒకరు సాగిపోయినచో శ్రమయంతయు వ్యర్థమై, శత్రువు వచ్చునాటికి పట్టణమునకు నీరుండదు. వారెట్లు కలిసికొనిరి? రాతిలో సహజముగానున్న నెఱ్ఱెను పట్టుకొని పోయిరని కొందఱు పండితులందురు. పైనుండి కొండపై సమ్మెటతో కొట్టగా, ఆ చప్పుడు విని లోనివారు దారి దిద్దుకొనిరని మఱికొందఱందురు. కలిసికొన్న చోటునకు సమీపమున రెండు దారులును అటునిటు తడబడుట చూడగా, చెవిని నమ్ముకొనిరను మాటయే నాకు యుక్తముగా తోచుచున్నది. అచ్చట ఉలి గాట్లు ఒక ప్రక్కవి ఒక దిక్కునకును, రెండవ ప్రక్కవి దానికెదురుగాను తిరిగి యుండుట నేటికిని కాననగును.

1838లో ఎడ్వర్డు రాబిన్సను అను అమెరికా పండితుడు ఈ సొరంగమున దూఱెను. మొదట సిలోయము వైపునుండి 800 అడుగులు పోయి, కప్పు మిక్కిలి తగ్గుటచే దీపపు పొగతో గుర్తువ్రాసి మరలి, మఱియొకనాడు రెండవ కొననుండి ప్రాకుచు వచ్చి ఆ గుర్తును చేరుకొనెను. ఆయన కంటబడని దానిని 1880లో ఒక బడిపిల్లవాడు కనుగొనెను. యెరూషలేములోని మిషను పాఠశాల విద్యార్థియొకడు సిలోయము దరినుండి లోనికి పోవుచు కాలుజాఱి నీటిలో పడి, లేచునప్పుడు గోడపై అక్షరములను చూచెను. అతడు ఊరకుండక తన గురువైన కాన్రాడు షిక్కు దొరగారితో చెప్పుటవలననే లోకమునకు ఆ శాసనము దక్కినది. మఱుసటి యేట సేసు పండితుడు ఆ నీటిలోనే కూర్చుండి దానిని వ్రాసికొనెను.

ఆ శాసనము ప్రాచీన హెబ్రీ లిపిలో ఆఱు పంక్తులు. ఇంక మూడు మూరల రాయి మిగిలియుండగా ఒకని కేక ఒకనికి వినబడుటయు, పలుగులు ఎదురెదురుగా పడుటయు, నీరు 1,200 మూరలు పాఱుటయు, పనివారి తలలపై నూఱు మూరల రాయి యుండుటయు దానియందు చెప్పబడినవి. రాజు పేరు ఎచ్చటను లేదు. దాని పేరు లేమిచేతనే కాలమును గూర్చి వాదములు పుట్టినవి. 2003లో సొరంగపు గచ్చులో చిక్కిన మొక్కల తునుకలను పరీక్షించి, అది క్రీ. పూ. 700 ప్రాంతపుదని శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. హిజ్కియాకు కొంచెము ముందే పని మొదలైయుండునను పండితులును లేకపోలేదు.

1890 ప్రాంతమున దొంగలెవరో ఆ శాసనమును తొలిచి తీయగా అది ముక్కలయ్యెను. నాటి తుర్కీ ప్రభుత్వము వానిని చేకొని రాజధానికి చేర్చెను. నేడవి ఇస్తాంబూలు వస్తుప్రదర్శనశాలలోనున్నవి. నీరు మాత్రము మునుపటివలెనే సొరంగము గుండ వచ్చి సిలోయమున వెలువడుచున్నది. అచ్చటికి కొలది దూరమున 2004లో మురుగు గొట్టము బాగుచేయుటకై త్రవ్వుచుండగా యేసు కాలపు కోనేటి రాతిమెట్లు బయటపడినవి.