నేల మీది పరీక్షలు

సిద్దిపేటలో సొంతంగా విమానం చేస్తామంటూ ఇంజినీరింగ్ పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరకు వస్తుంటారు. విమానాల మరమ్మతు షెడ్లలోనే తల నెరిసినవాణ్ణి, వద్దని ఎవరికీ చెప్పను. ఈ మాటలు మాత్రం చెప్పి పంపుతాను.

1. మనిషి ఎక్కే విమానమైతే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దగ్గర రిజిస్ట్రేషన్, ఎగిరే అనుమతి రెండూ ఉండాలి. ముంబైలో ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్ 2011లో దరఖాస్తు పెడితే 2017లో రిజిస్ట్రేషన్, 2019లో అనుమతి దొరికాయి. కాబట్టి తమ్మీ, మొదటి బోల్టు కొన్న రసీదు నుంచీ ప్రతి కాగితం దాచిపెట్టు.

2. రెక్క బలం ఆకాశంలో తేల్చుకునేది కాదు. గాలి రెక్కను పైకి ఎత్తుతుంది, ఇసుక కిందికి తొక్కుతుంది. అందుకే రెక్కను తలకిందులుగా స్టాండుకు బిగించి ఇసుక సంచులు పేరుస్తారు. మామూలు చిన్న విమానానికి లెక్క దాని బరువుకు 3.8 రెట్లు. అంటే 400 కిలోల విమానానికి 1,520 కిలోలు. ఇందులో రెక్కల సొంత బరువును విడిగా లెక్కగట్టి సరిచేసుకోవాలి. సంచులు దించాక రెక్క మళ్లీ తిన్నగా నిలవాలి, వంకర మిగిలితే పనికిరాదు. ఆపైన ఒకటిన్నర రెట్లు, 2,280 కిలోలు, కనీసం మూడు సెకన్లు విరగకుండా మోయాలి. మన దగ్గర వడ్ల బస్తాలు సులువుగా దొరుకుతాయి కదా అని అవి ఎక్కించేరు! బరువంతా ఒక్కచోటే పడుతుంది. చిన్న సంచులు కుట్టించి, రెక్క మొదలు దగ్గర ఎక్కువ, కొసకు తక్కువ చొప్పున రెండు రెక్కల మీదా ఒకేసారి పేర్చండి.

3. మూడు చక్రాల కింద మూడు కాటాలు పెట్టి గరిమనాభి లెక్క తీయండి. ముక్కు బరువైతే విమానం మొండికేస్తుంది. తోక బరువైతే చేతికే రాదు.

4. ట్యాంకు నుంచి పెట్రోలు దానంతటదే దిగే ఏర్పాటైతే, ముక్కు పైకెత్తి ఉంచి, టేకాఫ్‌లో ఇంజను తాగేదానికి ఒకటిన్నర రెట్లు కారుతోందా చూడండి. బంకు పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత రకం రబ్బరు గొట్టాలు దానికి ఉబ్బిపోతాయి.

5. మే నెల మధ్యాహ్నం ఎవరు రమ్మన్నా రన్‌వే మీదికి పోవద్దు. మన నేలే సముద్రమట్టానికి దాదాపు అర కిలోమీటరు ఎత్తు. దానికి 42 డిగ్రీల ఎండ తోడైతే గాలి అయిదు వేల అడుగుల ఎత్తున ఉన్నంత పలచనవుతుంది. ఇంజను బలం తగ్గుతుంది, పరుగు పెరుగుతుంది. పొద్దుగాలే మేలు.

6. నేల మీద పరుగు పరీక్షలు నెమ్మదిగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ పోండి. "జర లేపి చూద్దాం" అన్న సరదా వద్దే వద్దు. లేచాక దింపడానికి ఎదుట రన్‌వే మిగలదు. చేసినవాడే మొదట ఎగరాలన్న పంతమూ నాకు నచ్చదు. అటువంటి తేలిక విమానాలు నడిపి అలవాటున్న పైలట్‌ను పిలిచి, ఒక్కణ్ణే పంపండి. మీరు కింద మంటలార్పే సిలిండరు దగ్గర ఉండండి.