పక్షవాతం తర్వాత మెదడు నేర్చుకుంటుందా?

మెదడుకు పోయే రక్తనాళం పూడుకుపోయినా, చిట్లినా పక్షవాతం వస్తుంది. కాలూ చెయ్యీ పడిపోవడం అందరికీ కనిపిస్తుంది. జ్ఞాపకం, ధ్యాస దెబ్బతినడం కనిపించదు.

మా తాతయ్యకు ఎడమవైపు పడిపోయింది. కంచంలో కుడి సగమే తిని, ఎడమవైపున్న కూర వదిలేసి, "కూరెయ్యలేదేమే?" అని నాయనమ్మను కసిరేవాడు. "మతి పోయింది, ఇంకేం నేర్పుతాం" అన్నారు ఇంట్లో. నేనూ అదే అనుకున్నాను. కానీ పోయింది మతి కాదు. కుడి మెదడు దెబ్బతింటే, కన్ను బాగున్నా ఎడమవైపు లోకం ధ్యాసకు రాకపోవచ్చు.

చచ్చిన నాడీకణం తిరిగి బతకదు. అయితే బతికున్న కణాలు కొత్త సంబంధాలు ఏర్పరచుకోగలవు; కాలువకు గండి పడితే పక్క బోదె గుండా చేనుకు నీరు మళ్ళించినట్టు. దానికి అభ్యాసం కావాలి. మొదటి మూడు నెలల్లో మార్పు ఎక్కువ. తర్వాత కూడా పూర్తిగా ఆగదు.

మరపున్నవారికి నేర్పే పద్ధతి వేరు. ఒకసారికి ఒకే పని, చిన్న చిన్న మెట్లుగా, రోజూ అదే వేళ, అదే చోట. తప్పు చేశాక దిద్దడం కన్నా ముందే చెయ్యి పట్టి చూపడం మేలు. చెప్పిన మాట మరిచినా, చేతికైన అలవాటు చాలామందిలో నిలుస్తుంది.

వ్యాయామం నేర్పే ఆమె చెప్పగా, నాయనమ్మ కంచానికి ఎడమపక్క ఎర్రగుడ్డ పెట్టి, "గుడ్డ కనబడిందా?" అని పూటపూటా అడిగేది. కొన్ని నెలలకు గుడ్డ లేకపోయినా తాతయ్య తల ఎడమకు తిప్పసాగాడు. నా పేరు ఇప్పటికీ తప్పు పిలుస్తాడు. అన్నం మాత్రం మొత్తం తింటాడు.

మిత్రులారా, "మతి పోయింది" అనే ముందు కంచం ఒక్కసారి తిప్పి చూడండి.