చార్మినార్ రూపాయి: బేరం కుదిరినట్టేనా?

ప్రశ్న: ఆన్‌లైన్ వేలంలో హైదరాబాద్ నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ వెండి రూపాయి కొన్నాను. గిట్టుబాటేనా?

జవాబు: ముందు నగల త్రాసులో తూయించండి. అసలు నాణెం సుమారు 11.18 గ్రాములు ఉంటుంది. అందులో వెండి 81.8 శాతం, అంటే 9.1 గ్రాములే. కొన్ననాటి వెండి ధరతో లెక్కిస్తే కనీస విలువ తేలుతుంది. మీ ఖర్చులో పాట ధరతోపాటు కమిషన్, పన్ను, కొరియర్ కూడా కలపండి. ఈ రెంటి మధ్య తేడా నాణెం స్థితికి, అరుదుదనానికి మీరిచ్చిన వెల. చార్మినార్ ద్వారంలోని ‘ఐన్’ అక్షరం (ఉర్దూలో ఉస్మాన్ పేరు మొదటి అక్షరం), మీనార్ల గీతలు చెక్కు చెదరకుండా ఉన్నాయా? మీ నాణెంపై ఉన్న హిజ్రీ సంవత్సరపు నాణేలే ఎంతకు అమ్ముడయ్యాయో చూడండి. అమ్మకందార్లు అడిగే ధర లెక్కలోకి రాదు. బరువు బాగా తగ్గితే వెంటనే వాపసు కోరండి. నల్లబడిందని చింతపండుతో మాత్రం తోమకండి, దయచేసి.